కుడి స్పీకరు

టీవీకి పెట్టుకునే సౌండుబారును షోకేసు అరలో దూర్చకండని ఈ జిల్లాలో కొన్ని వేలమందికి చెప్పి ఉంటాను. అందరూ "అలాగేనండి" అన్నారు. అని, షోకేసులోనే పెట్టుకున్నారు. పెట్టుకుని, మాటలు నూతిలోంచి వస్తున్నట్టున్నాయేమిటండీ అని మళ్ళీ నాకే ఫోను చేశారు.

నా పేరు సూర్యచంద్రం. కాకినాడ మెయిన్ రోడ్డు వెనక సందులో రిపేరు షాపు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. టేపురికార్డర్లతో మొదలుపెట్టి, యాంప్లిఫయర్ల మీదుగా, పాత కంప్యూటర్లు కొని అమ్మేదాకా వచ్చాను. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరుదాకా ఫోనులో సలహాలు ఉచితమని కేబుల్ టీవీ వాళ్ళు నా నంబరును తెర అడుగున తిప్పేవారు. పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్ళని మూత ఇరవైసార్లు తెరిచి మూయమనేవాణ్ణి. గాలి వచ్చే కన్నాల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడమనేవాణ్ణి. కాలిన వాసన వస్తే ఎంత చవకగా ఇస్తామన్నా వదిలెయ్యమనేవాణ్ణి. వింతేమిటంటే, కంప్యూటరు విషయంలో నా మాట వినేవారు. షోకేసు దగ్గరే మొండికేసేవారు.

నాకు కొన్ని పద్ధతులుండేవి. ఎవరు ఏమడిగినా ముందు "ఇంట్లో ఎంతమంది వింటారండీ?" అనేవాణ్ణి. ఒక్కరే వినేదానికీ నలుగురూ కూర్చుని వినేదానికీ ఒకే సలహా పనికిరాదు. ఆ తరువాత ఫోనును స్పీకరు దగ్గర పెట్టి, వేలి కణుపుతో పెట్టె మీద మూడుసార్లు తట్టమనేవాణ్ణి. ఆ చప్పుడులో లోపం దొరికేది. లోపంతోపాటు గది కూడా వచ్చేది. ఇనుప బీరువా ఉందా, కిటికీ తీసుందా, మనుషులున్నారా అన్నీ తెలిసేవి. ఎలా తెలిసేవని అడిగితే చెప్పలేను. చప్పుడును మళ్ళీ వినడం కోసం, ముందే చెప్పి, ప్రతి ఫోనుకాలునూ ఓ పాత కంప్యూటరులో రికార్డు చేసుకునేవాణ్ణి. ఇక మూడో పద్ధతి, అడగనివాళ్ళ జోలికి వెళ్ళకపోవడం. పదకొండేళ్ళలో నా అంతట నేను ఎవరి నంబరూ నొక్కలేదు.

పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. వెనక గదిలో నా పాటల సెట్టుకు ఎదురుగా ఆవిడ పేము కుర్చీ అలాగే ఉంది. అందులో నేను కూర్చోను.

నాలుగు నుంచి ఆరుదాకా ఫోను మోగేది కాబట్టి మిగతా ఇరవై రెండు గంటలు ఎలాగో గడిచేవి. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు.

డాక్టర్ ఇందుమతి మొదట మామూలుగానే ఫోను చేసింది. ఓ ఇంజినీరింగ్ కాలేజీలో శబ్దం మీద పరిశోధన చేస్తోందట. ల్యాబులో స్పీకరు బరబరమంటోందంది. తట్టమన్నాను. స్పీకరు బాగానే ఉందనీ, దాని వెనక ఖాళీ నీళ్ళ డ్రమ్ము ఏదో ఉండి ఉంటుందనీ, దాన్ని తీసెయ్యమనీ చెప్పాను. మర్నాడు కాజాల పొట్లం పట్టుకుని షాపుకే వచ్చేసింది. ఆ డ్రమ్ము ఉందని మీకెలా తెలిసిందండీ అని మొదలుపెట్టి, చీకటి పడేదాకా వదల్లేదు.

ఆ పిల్ల అడిగే తీరు నాకు నచ్చింది. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. అప్పటికి ఏడాదిగా నా కుడి చెవి మందగిస్తోంది. డాక్టరు వయసన్నాడు. నా చెవి పూర్తిగా పోయేలోగా దాన్ని ఎక్కడైనా దాచిపెట్టుకోవాలనిపించింది. అందుకే పదకొండేళ్ళ రికార్డులున్న కంప్యూటరును ఆటోలో వేసుకుని ఆమె ల్యాబుకు తీసుకెళ్ళాను.

మనిషి ఒళ్ళు శబ్దాన్ని కొంచెం తాగుతుంది. గోడ తిప్పికొడుతుంది, పరుపు మింగేస్తుంది, బీరువా వణుకుతుంది. నేను ఊహతో పట్టుకునేదాన్ని ఇందుమతి లెక్కతో పట్టుకుంది. ఎనిమిది నెలల్లో యంత్రం తయారైంది. ఆమె ల్యాబులో కూర్చుని బల్ల మీద మూడుసార్లు తట్టేది. తెర మీద "ఒకరు" అని వచ్చేది. నేను లోపలికి వెళితే "ఇద్దరు" అనేది. ఓసారి నేను కర్టెను వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అప్పుడూ "ఇద్దరు" అంది. ఇందుమతి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. గర్వంగా ఉండింది.

ఆ వారమే ఇంటి నుంచి ఓసారి ప్రయత్నించమంది. వెనక గదిలో నా కుడి స్పీకరు మీద తట్టాను. ఫోనులో నా గొంతే నాకు వినిపించింది. యంత్రానికి నా గొంతే పెట్టారు. "గది పన్నెండడుగులు, పది అడుగులు. ఇనుప బీరువా. ఖాళీ కుర్చీ. ఒకరు." ఇందుమతి లైనులోకి వచ్చి సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. ఫోను పెట్టేశాక ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి షాపులోకి వచ్చి, బాగున్న రేడియోనే విప్పి మళ్ళీ బిగించాను.

యంత్రానికి చెవి వచ్చింది గానీ సలహా ఇవ్వడం రావాలి. దానికోసం నా పాత కాల్సు ఒక్కొక్కటే వినిపిస్తారు. నేను చెప్పిన సలహా సరైనదైతే పచ్చ మీట, కాకపోతే ఎర్ర మీట నొక్కాలి. ఎర్రవి యంత్రం మళ్ళీ చెప్పదు. పనిలో నేను చాలా నిక్కచ్చి. తెలిసో తెలియకో పొరపాటు చెప్పిన చోటల్లా మొహమాటం లేకుండా ఎర్ర మీట నొక్కాను. ఎర్రవాటిలో మూడువందల పైచిలుకు ఒక్కరివే. అవి తుని నూకరత్నంగారివి.

ఈవిడ గురించి చెప్పాలి. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పైరెండేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. గురువారం సాయంత్రం నాలుగున్నరకు ఫోను చేసేవారు. చెక్కపెట్టెల స్పీకర్లు రెండున్న పాత టేపు సెట్టు వారిది. ఎంతమంది వింటారంటే, "ఇద్దరమేనండి, నేనూ మా మేస్టారూనూ," అనేవారు. మేస్టారంటే ఆవిడ భర్త. వెనక ఆయన దగ్గు వినిపించేది, చెప్పులీడ్చే చప్పుడు వినిపించేది. మాటల్లో మాటగా "అమ్మగారు బాగున్నారాండీ?" అని మా అమ్మనూ అడిగేవారు.

మూడో ఏడాదిలో అయిదు గురువారాలు ఫోను రాలేదు. ఆరో గురువారం వచ్చింది. "కుడివైపు స్పీకరు పలకటం లేదంటున్నారండి మా మేస్టారు," అన్నారు. తట్టమన్నాను. చప్పుడు గట్టిగా, ఒట్టిగా వచ్చింది. గదిలోంచి మంచం తీసేసినట్టున్నారు. వెనక దగ్గు లేదు. స్పీకరుకేమో ఏ జబ్బూ లేదు.

"మేస్టారిని కొంచెం ఎడమకు జరిగి కూర్చోమనండి," అన్నాను. ఆవిడ ఫోను పక్కన పెట్టి వెళ్ళారు. నేలమీద కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. మళ్ళీ వచ్చి, "ఆయ్, ఇప్పుడు బాగుందంటున్నారండి," అన్నారు.

అది మొదలు ఎనిమిదేళ్ళు అలాగే సాగింది. ఓ వారం వైరు తీసి పెట్టమనేవాణ్ణి, ఓ వారం స్పీకరును గోడకు జానెడు దూరం జరపమనేవాణ్ణి. మా అమ్మ పోయినప్పుడు నేను ఫోనులో ఎవరికీ చెప్పలేదు. అయినా ఆ వారం నుంచి నూకరత్నంగారు అమ్మ గురించి అడగడం మానేశారు. ఎవరి ద్వారానో తెలిసి ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను.

ల్యాబులో ఆ రికార్డులు వరసగా వస్తుంటే నాకు సిగ్గేసింది. లోపం లేని సెట్టుకు ఎనిమిదేళ్ళు వైద్యం చేశానా? వింటే ఇందుమతి ఏమనుకుంటుంది? ఆమె అటు తిరిగి టీ పోస్తుండగా గబగబా ఎర్ర మీట నొక్కుకుంటూ పోయాను. ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

యంత్రాన్ని నా నంబరుకే తగిలించారు. ఫోను చేసేవాళ్ళకి ఇకమీదట జవాబిచ్చేది యంత్రమేనని అదే ముందు చెప్పేది. జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రెండు నిమిషాల్లో తేల్చేస్తోందనీ, ఏ వేళ చేసినా పలుకుతోందనీ మెచ్చుకున్నారు. షోకేసులోంచి సౌండుబారును బయటికి తీయించడం కూడా దానికి చేతనైంది. ఆ మాట విని నాకు కాస్త మంటగానే ఉండింది.

నాలుగయ్యేది, అయిదయ్యేది. ఫోను నా బల్లమీదే ఉండేది, మోగేది కాదు. మొదటి వారం విశ్రాంతి అనుకున్నాను. రెండో వారం లైను పోయిందేమోనని రిసీవరు ఎత్తి చూశాను. మూడో వారానికి, ఎదుటి కిళ్ళీ షాపాయన పలకరిస్తే నాకు గొంతు పెగల్లేదు. పొద్దుటినుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తట్టింది.

గురువారం నాలుగున్నరకు నూకరత్నంగారు ఏం చెబుతున్నారో వినాలనిపించింది. ఇందుమతి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నుంచి ఒక్క ఫోనుకాలే ఉంది, అదీ మొదటి వారంలోది. తరువాత మళ్ళీ చేయలేదు. వినిపించమన్నాను.

"ఇంట్లో ఎంతమంది వింటారండీ?" నా గొంతు.

"ఇద్దరమేనండి. నేనూ మా మేస్టారూనూ. కుడివైపు పలకటం లేదంటున్నారండి."

నా గొంతు తట్టమంది. మూడుసార్లు చప్పుడైంది.

"రెండు స్పీకర్లూ బాగున్నాయండి. గదిలో మీరు ఒక్కరే ఉన్నారు. ఒక్కరు వినడానికి రెండో స్పీకరు అవసరం లేదు. అమ్మదలిస్తే పాత చెక్కపెట్టెలకు మంచి గిరాకీ ఉంది."

ఆ తరువాత ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఉంది. చివరికి ఆవిడ, ఎప్పటిలా మర్యాదగానే, "ఆయ్. మంచిదండి. ఉంటానండి," అన్నారు.

ఆవిడకు ఆ మాట చెప్పింది నా గొంతు.

ఇందుమతికి అర్థం కాలేదు. యంత్రం చెప్పినదాంట్లో తప్పేముందని అడిగింది. తప్పేమీ లేదన్నాను. అప్పుడామె నా పాత రికార్డులు తీసి, ఎర్ర గుర్తులున్నవి పది పన్నెండు వరసగా వింది. వింటూ వింటూ చెవుల మీది హెడ్‌ఫోను దించింది.

"మీకెప్పటి నుంచి తెలుసు చంద్రంగారూ, మేస్టారు లేరని?"

"ఆయన పోయినప్పటి నుంచీ."

తెలిసీ అలా ఎందుకు చెప్పారని ఆమె అడగలేదు.

ఆమె మంచి పిల్ల. ఆ ఎర్రవన్నీ పచ్చగా మార్చేసి చూద్దామంది. మార్చాం. యంత్రానికి ఆ మాట ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తెలియదు. మర్నాడు రామచంద్రపురం నుంచి ఒకాయన పెళ్ళి ఊరేగింపులో స్పీకరు పగిలిపోయిందని ఫోను చేస్తే, "మేస్టారిని కొంచెం ఎడమకు జరిగి కూర్చోమనండి," అందట. ఆయన ఏ మేస్టారయ్యా అని మండిపడ్డాడు. ఇందుమతి నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. మళ్ళీ అన్నీ యథాతథంగా ఎర్రగా మార్చేశాం.

నేరుగా ఫోను చేసి క్షమాపణ చెప్పండని ఆమె సలహా ఇచ్చింది. ఏమని చెప్పను? మేస్టారు లేరని నాకెప్పుడో తెలుసు, ఇన్నాళ్ళూ నటించానని చెప్పాలా? యంత్రం ఒక్కసారి చెప్పినదాన్ని నేను రెండోసారి చెప్పినట్టవుతుంది. పైగా నేనెవరి నంబరూ నొక్కను. ఈ నియమం వెనక దాక్కున్నానని ఇప్పుడు ఒప్పుకుంటాను. భయం వేసింది, అంతే.

రెండు వారాల తరువాత ఓ గురువారం మధ్యాహ్నం ఇందుమతే షాపుకు వచ్చింది. కూర్చోకుండానే తన ఫోను తీసి ఓ రికార్డు వినిపించింది. తుని నుంచి ఒకాయన పొద్దున్నే సలహా అడిగాడట. తెలిసినవాళ్ళింట్లో పాత సెట్టు అమ్ముతున్నారు, చెక్కపెట్టెలు రెండున్నాయి, కొనవచ్చా అని. ఆ ఇంటి నుంచే చేస్తున్నాడు కాబట్టి, తట్టమంటే తట్టాడు.

కుడి చెవి మందమైతేనేం, ఆ చప్పుడు నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఎనిమిదేళ్ళు ప్రతి గురువారం విన్నదే.

"బాగున్నాయి, కొనుక్కోమని చెప్పింది," అంది ఇందుమతి. "ఆయన రేపు తీసుకెళతానన్నాడు."

ఆ సెట్టు గడప దాటితే నూకరత్నంగారికి నాకు ఫోను చేయడానికి ఇక కారణమంటూ ఉండదు. నాకూ ఉండదు. ఇద్దరం చెరో ఊళ్ళో బతికే ఉంటాం. ఇంకేమీ ఉండదు.

ఇందుమతి నా భుజం మీద ఓసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

నాలుగున్నర దాకా ఆగాను. షాపు తలుపు దగ్గరగా వేసి వెనక గదిలోకి వెళ్ళాను. పాత పుస్తకంలో తుని నంబరు చూసి, పదకొండేళ్ళలో మొదటిసారి నేనుగా నొక్కాను. మోగుతున్నంతసేపూ పెట్టేద్దామనే అనుకున్నాను.

"ఆయ్, ఎవరండీ?"

"నేనండీ, చంద్రాన్ని. కాకినాడ."

ఆవిడ మెల్లిగా అడిగారు.

"మీరా అండీ, మిషనా?"

ఆ ప్రశ్నకు నేనే కారణం.

"నేనేనండి. నాకో చిన్న సలహా కావాలి. మా సెట్టు కుడివైపు పలకడం లేదు. మిషనును అడిగితే బాగానే ఉందంటోంది. మీరు సెట్టుతో చాలా ఏళ్ళ నుంచి వేగుతున్నారు కదా, మిమ్మల్ని అడుగుదామని."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పెట్టేస్తారనుకున్నాను.

"తట్టండి," అన్నారు.

ఫోనును కుడి స్పీకరు దగ్గర పెట్టి, వేలి కణుపుతో మూడుసార్లు తట్టాను. గది పన్నెండడుగులు, పది అడుగులు. ఇనుప బీరువా. ఖాళీ కుర్చీ. ముప్పైరెండేళ్ళు ఎక్స్ఛేంజిలో గొంతులు విన్న మనిషికి ఈ గదిలో ఎందరున్నారో తెలియడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మా అమ్మ గురించి అడగడం ఆవిడ ఎందుకు మానేశారో నాకు అప్పుడు అర్థమైంది.

"ఇంట్లో ఎంతమంది వింటారండీ?" అని అడిగారు.

నేను పేము కుర్చీ వైపు చూశాను. నిజం నాలుక చివరనే ఉంది. యంత్రమైతే ఠక్కున చెప్పేది.

"ఇద్దరమేనండి," అన్నాను. "నేనూ మా అమ్మానూ."

"అయితే రెండు స్పీకర్లూ ఉండాలండి. ఎవరేం చెప్పినా అమ్మకండి." అన్నారు. "ఇక్కడా ఒకాయన బేరానికొచ్చాడు. రేపు వద్దని చెప్పేస్తాలెండి."

సరేనన్నాను. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. తరువాత, లైను కలిపే ఆపరేటరులా తేటగా, నెమ్మదిగా అన్నారు.

"అమ్మగారిని కొంచెం ఎడమకు జరిగి కూర్చోమనండి."

ఫోను బల్లమీద పెట్టి, వెళ్ళి కుర్చీని ఎడమకు జరిపాను.